సైకిలుకు దగ్గర దారి కాదు, క్షేమమైన దారి కావాలి

శ్రీరంగాపూర్: రంగనాయకస్వామి గుడి ముందు నుంచి సైకిలు మీద పెబ్బేరుకో, వనపర్తికో, పానగల్ వైపో పోదలచినవారికి దారులకు కొదువ లేదు. వాటిలో ఏది క్షేమమన్నదే ప్రశ్న. పెబ్బేరు సుమారు పది కిలోమీటర్లు, వనపర్తి అంతకు రెట్టింపు పైమాటే. దూరం చూసి దారి ఎంచుకోవడం అందరికీ అలవాటు. సైకిలు విషయంలో మాత్రం ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

గ్రామాల్లో మోటారు సైకిళ్ళు పెరిగిన తరువాత సైకిలు గురించి ఆలోచించేవారు తగ్గిపోయారు. అయినా సైకిలు పోలేదు. తెల్లవారుజామున పాల క్యాను కట్టుకొని పోయేవారు, మడికి నీళ్ళు పెట్టబోయే రైతులు, పక్క ఊరి ఉన్నత పాఠశాలకు పోయే పిల్లలు నేటికీ దాన్నే నమ్ముకున్నారు. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. కాని బస్సు రాని ఊరి ఆడపిల్ల ముందు బస్సు స్టేజీకి చేరుకోవాలి గదా! సైకిలు ఎక్కేవారిలో చాలామంది పెట్రోలు ఖర్చు భరించలేనివారు, లేదా బండి నడిపే వయసు రానివారు. రోడ్లు వేసేటప్పుడు వీరి సంగతి ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

పెద్ద రోడ్డు లెక్క

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరుల మీదుగా సాగి బీచుపల్లి వద్ద కృష్ణను దాటుతుంది. పూర్వం దీన్నే 7వ నంబరు రహదారి అనేవారు. నున్నని తారు, దారి పొడవునా హోటళ్ళు, పంచరు దుకాణాలు. సైకిలుకు ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. కాని ఆ రోడ్డు వేసింది సైకిలు కోసం కాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద వోల్వో బస్సు కల్వర్టుకు కొట్టుకొని మంటల్లో చిక్కుకోగా 45 మంది ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు.

దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. 2022లో దేశమంతటా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 61,038 మంది, అంటే నూటికి 36 మంది, ఈ రహదారుల మీదనే మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. గంటకు 15 కిలోమీటర్లు పోయే సైకిలు అదే సెకనులో నాలుగు మీటర్లు పోతుంది. దీపం లేని సైకిలు రాత్రిపూట అరవై మీటర్ల దూరంలో డ్రైవరు కంటబడిందనుకుంటే, తప్పించడానికి అతనికి మిగిలేది మూడు సెకన్లు. చాలామంది దూరాన ఉన్న మలుపు దాకా పోలేక, నడిమి గోడకు ఇవతలి వైపునే వాహనాలకు ఎదురుగా తొక్కుతున్నారు. అప్పుడు ఆ మూడు సెకన్లు రెండుకు పడిపోతాయి. ఎదురుగా వచ్చేది కనబడుతుంది కాబట్టి మేలనుకోవడం పొరపాటు. రెండు వేగాలూ కలిసి మీద పడతాయి. జనం ఇలా పోవడంలో వారి తప్పు ఉన్నది. కాని ఊరి మనిషి రోడ్డు దాటడానికి దగ్గరలో చోటు చూపకపోవడం కూడా తప్పే.

లోపలి దారుల్లో మేలు, కీడు

రెండవ మార్గం లోపలి దారులు. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు శ్రీరంగాపూర్‌లో గుడి కట్టించిన కాలం నాటికి ఇక్కడ నడిచినవి ఎడ్ల బండ్లే. జానంపేట, తాటిపాముల, నాగరాల వంటి ఊళ్ళను కలిపే దారుల మీద నేటికీ వాహనాల రద్దీ పెద్ద రోడ్డు మీద ఉన్నంత ఉండదు. సైకిలుకు అన్నిటికంటే పెద్ద రక్ష అదే. వాహనం తక్కువ, వేగం తక్కువ.

అంతమాత్రాన కళ్ళు మూసుకొని పోవచ్చునని కాదు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసే ఒంటి వరుస రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు. బస్సు వెడల్పు రెండున్నర మీటర్ల పైచిలుకు. బస్సు రోడ్డు మీద ఉంటే సైకిలుకు మిగిలేది మీటరుకు కాస్త అటూ ఇటూ. అంటే బస్సు వచ్చిన ప్రతిసారీ సైకిలు తారు దిగి పక్క మట్టిలోకి పోక తప్పదు. కాబట్టి ఈ రోడ్ల మీద తారు ఎలా ఉన్నదో చూసినంత శ్రద్ధగా, పక్క మట్టి ఎలా ఉన్నదో చూడాలి. తారు మీద తారు పోసి రోడ్డు ఎత్తు పెరిగి, పక్కన మొరం పోయకుండా వదిలేసిన చోట జానెడు గండి పడుతుంది. అక్కడ చక్రం జారితే మనిషి పడేది మట్టి వైపే కాదు, బస్సు వైపు కూడా.

లోపలి దారికి మరో లోపం ఉన్నది. అది నిర్జనంగా ఉంటుంది. పంచరైతే దుకాణం దొరకదు, పొద్దు గూకితే తోడు దొరకదు. పిల్లలు, ఆడవారు ఒంటరిగా చీకట్లో ఆ దారిన పోవడం మంచిది కాదు. పగటిపూట ఇద్దరు ముగ్గురు కలిసి లోపలి దారిన పోవడం, ఆలస్యమైతే సైకిలును తెలిసినవారింట పెట్టి బస్సు ఎక్కడం వివేకం.

ఎక్కుడు కాదు, దిగుడే ప్రమాదం

వనపర్తి, పానగల్, ఖిల్లా ఘణపురం వైపు దారి గుట్టల నడుమ సాగుతుంది. దూరపు కొండలు నునుపు అన్నారు. దగ్గరికి పోతేగాని ఎక్కుడు ఎంతో తెలియదు. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే దారి అయితే గేర్లు లేని సైకిలు తొక్కేవానికి ఆయాసం వస్తుంది. కాని ఆయాసం ప్రాణం తీయదు. దిగి నడిపించుకొని పోతే సరి. ప్రమాదమంతా అవతలి దిగుడులో ఉన్నది.

వేగం రెట్టింపయితే సైకిలు ఆగడానికి బ్రేకు పట్టిన తరువాత కావలసిన దూరం నాలుగింతలవుతుంది. వెనుక ఎరువుల బస్తా ఉన్నా, మరో మనిషి ఉన్నా భారం ముందుకు తోస్తుంది. వాన చుక్క పడి రిమ్ము తడిస్తే పట్టీల పట్టు తగ్గుతుంది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే వెనుక చక్రం లేచి తలకిందులయ్యే ప్రమాదం ఉన్నది. రెండూ కలిపి, ముందే, కొద్దికొద్దిగా పట్టడం మేలు.

కాబట్టి రెండు గుట్ట దారుల్లో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఏది తక్కువ ఎత్తు అని కాక, దేని దిగుడు కింద ఏమున్నది అని చూడాలి. దిగుడు చివర తిన్నని రోడ్డు ఉంటే మంచి దారి. మూల మలుపు, ఇసుక మేట, పిట్టగోడ లేని కల్వర్టు, ఊరి నడుమ స్పీడు బ్రేకరు ఉంటే చెడ్డ దారి. మలుపు దగ్గర తుమ్మ కంప పెరిగి ఎదుటి బండి కనిపించకపోతే అది మరీ చెడ్డది. ఒకే దారి పోయేటప్పుడు మంచిదై, వచ్చేటప్పుడు చెడ్డది కావచ్చు. అటువంటి చోట వేరే దారిన తిరిగి రావడమే తెలివి.

కాలం మారితే దారి మారుతుంది

ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఈ సీమలో పడమటి గాలి బలంగా వీస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలికి పోయి, తిరుగు ప్రయాణంలో గాలి వాలున రావడం మంచిది. వానకాలంలో చెరువులు నిండి మత్తడి పారితే లోతట్టు కల్వర్టుల మీదుగా నీరు పొర్లుతుంది. మోకాలి లోతు ప్రవాహం మనిషిని, సైకిలును కలిపి తోసుకుపోగలదు. ఆ రోజు చుట్టు తిరిగి పోవాలి, లేదా ఆగిపోవాలి.

ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక మెట్ట పొలాలు మడులయ్యాయి. అది సంతోషించవలసిన విషయమే. కాని కోతల కాలంలో రోడ్డే కల్లమవుతున్నది. సగం రోడ్డు మీద వడ్లు పోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రికి నల్లని టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ నల్లని కుప్ప, ఆ రాళ్ళు సైకిలు మీద వచ్చేవానికి కనిపించవు. వడ్లు ఎత్తిన తరువాత రాళ్ళు అక్కడే ఉండిపోవడం సామాన్యమైపోయింది. ఇనుప చక్రాల ట్రాక్టర్లు రోడ్డెక్కి తారును చీల్చుతున్నాయి. వెనుక దీపం లేని ట్రాలీలు తిరుగుతున్నాయి. ఇవి ఏ దూరపు అధికారి చేసినవీ కావు. ఊరివారు ఊరివారికి చేసుకుంటున్నవే. ఆరబెట్టుకోవడానికి చోటు లేక రైతు రోడ్డెక్కాడన్నది నిజం. కల్లాల చోటు చూపడం పంచాయతీ పని. రాయి తీసివేయడం మాత్రం రైతు పని.

చూడముచ్చటైన దారి వృథా కాదు

చెరువు నీటిలో గోపురం నీడ, కట్ట వెంట చింత చెట్లు, అవతల నల్లని గుట్టలు. ఇవన్నీ పనిలేనివారి ముచ్చట్లని కొట్టిపారేయనక్కరలేదు. చెట్లున్న దారిలో ఎండ దెబ్బ తగ్గుతుంది. నీళ్ళు, నీడ, వాహనాలు తక్కువగా ఉండడం సాధారణంగా ఒకే చోట దొరుకుతాయి. అందమైన దారి చాలాసార్లు క్షేమమైన దారి కూడా కావడానికి కారణం ఇదే. అయితే చెరువు కట్ట మీది దారికి పిట్టగోడ ఉండదు. ఒక వైపు నీరు, ఒక వైపు లోతు. అందం చూడాలంటే సైకిలు దిగి చూడాలి. ఫాల్గుణ మాసంలో స్వామివారి ఉత్సవాలప్పుడు ఇదే దారి జీపులతో, ఆటోలతో కిక్కిరిసిపోతుంది. ఏడాదంతా మంచిదైన దారి ఆ నాలుగు రోజులు మంచిది కాదు.

ఆడపిల్ల చదువు ఈ దారి మీదే

సైకిలు దారి చిన్న విషయం కాదనడానికి బీహారు సాక్ష్యం ఉన్నది. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చే పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, ఉన్నత పాఠశాలలో చేరే ఆడపిల్లల సంఖ్య నూటికి 32 పాళ్ళు పెరిగిందని తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్ళలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించింది. పిల్లను బడి మాన్పించేది తెలివి తక్కువై కాదు, నడుమ దారి భయమై. సైకిలు కొనిచ్చినంత మాత్రాన ఆ భయం పోదు. తల్లిదండ్రులు ధైర్యంగా పంపగల దారి కూడా ఉండాలి.

కోట్లు అక్కరలేదు

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున, పైన సౌర పలకల కప్పుతో సైకిలు బాట వేసి 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అందులో ఒక్క వరుస కూడా తాటిపాములకు రాదు. రానక్కర కూడా లేదు. ఇక్కడ ఉన్న దారులనే సైకిలుకు అనువుగా చేసుకుంటే చాలు.

అందుకు కావలసినవి పెద్ద పనులు కావు. తారు అంచున గండ్లు మొరంతో పూడ్చాలి. మలుపుల్లో తుమ్మ కంప నరికించాలి. కల్వర్టు గోడలకు సున్నం వేయాలి. పెద్ద రోడ్డు దాటే చోట వేగం తగ్గించే ఏర్పాటు కావాలి. దిగుడుకు ముందు బోర్డు పెట్టాలి. వీటిలో కొన్నిటికి పంచాయతీ నిధులు సరిపోతాయి. మిగతా వాటికి ఎవరిని అడగాలో ముందు తెలుసుకోవాలి. జాతీయ రహదారులు ఒకరివి, మండలాలను కలిపే రోడ్లు రోడ్లు భవనాల శాఖవి, చాలా ఊరి రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీరింగు విభాగానివి. ఒకరి రోడ్డుకు మరొకరికి అర్జీ పెడితే కాగితం తిరుగుతుందే గాని పని జరగదు.

అన్నిటికంటే ముందు జరగవలసింది దారిని చూడడం. ఒక సెలవు రోజున పంచాయతీ సభ్యులు, బడి పంతుళ్ళు, రోజూ సైకిలు తొక్కే నలుగురు కలిసి ఊరి నుంచి బడి దాకా ఉన్న దారులన్నీ తిరిగి చూడాలి. ఎన్ని బండ్లు ఎదురైనవి, ఎక్కడ అంచు విరిగింది, ఎక్కడ మలుపు కనబడదు, ఎక్కడ నీళ్ళు, నీడ ఉన్నాయి అన్నది రాసుకోవాలి. దాన్ని గ్రామసభలో చదివి, ఫలానా దారి పిల్లల సైకిలు దారి అని తీర్మానం చేయాలి. ఆ దారి మీద వడ్లు ఆరబోయకూడదని, ఇనుప చక్రాలు నడపకూడదని ఊరు ఊరంతా కట్టుబడాలి.

దీపం లేని సైకిలుకు, ఇద్దరెక్కిన సైకిలుకు పోలీసులు జుల్మానా వేసే రోజులు ఒకప్పుడు ఉండేవి. నేడు అడిగేవారు లేరు. అడగకపోయినా వెనుక మడ్డుగార్డుకు ఎర్రని మెరిసే బిళ్ళ, ముందు ఒక చిన్న దీపం ప్రతి ఇంటివారూ పెట్టించుకోవాలి. దారి పంచాయతీ బాగుచేయవలసిందే. చీకటి పడకముందే పిల్లలు ఇల్లు చేరేటట్టు చూడడం మాత్రం పెద్దల చేతిలో పని.