కంప్యూటరు తెరమీది బూచి

అబ్దుల్లాపూర్‌మెట్ నుండి హయత్‌నగరు, ఎల్.బి.నగరుల మీదుగా దిల్‌సుఖ్‌నగరు వఱకు విజయవాడ రోడ్డు వెంబడి సాగినచో నిన్నటి చెలకలు నేడు ప్లాట్లై కనబడును. భూమి యమ్మిన సొమ్ము బ్యాంకు చేరినది. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో యుద్యోగము చేయుచుందురు. ఇంట మిగిలిన తల్లిదండ్రులు పిల్లలు కొనియిచ్చిన కంప్యూటరుమీదనే బ్యాంకు లెక్కలు చూచుకొనుచు మనుమలను పలుకరించుచుందురు. ఇట్టి యిండ్లలోనికి తలుపు తట్టకయే జొరబడు దొంగయొకడు బయలుదేరినాడు. వాని చేత కన్నపుకోల లేదు. వాని యాయుధము మన భయమే.

వాని పద్ధతి యిది. గృహస్థు పంచాంగమో, పాత సినిమా పాటయో వెదకుచుండగా తెర యంతయు నొక్కసారిగ ఎఱ్ఱబాఱును; గంట మ్రోగును. “మీ కంప్యూటరులో వైరసులు ప్రవేశించినవి. మీ బ్యాంకు వివరములు దొంగిలింపబడుచున్నవి. కంప్యూటరును ఆపవలదు. వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు” అని ప్రసిద్ధమైన కంపెనీ ముద్రతో నొక ప్రకటన నిలుచును. మూయబోయిన మూతపడదు. పెద్దవారికి గుండె దడదడలాడును. చేయి ఫోనువైపు పోవును. దొంగ కోరునది సరిగా ఆ క్షణమే.

ఇచట తెలిసికొనవలసిన సత్యమొక్కటి గలదు. బ్రౌజరులో తెఱచిన పుట యేదియు మన కంప్యూటరు లోపలి ఫైళ్లను శోధించి వైరసు కలదని తేల్చజాలదు. దారిన పోవువాడు మన గోడకు కాగితమంటించి “మీ యింట పాము దూఱినది, నాకు పదివేలిండు” అని వ్రాసినచో నమ్ముదుమా? తమ హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడును ఉండదని మైక్రోసాఫ్టువారే స్పష్టముగ చెప్పియున్నారు. కావున గుర్తు సులభము: నంబరు చూపి పిలువుమనునది, త్వరపెట్టునది, సొమ్మడుగునది దొంగ హెచ్చరిక.

ఫోను చేసినవారి గతి యేమి? అవతలివాడు మర్యాదగా మాటలాడి, దూరమునుండి కంప్యూటరును నడుపు సాధనము నొకదానిని మనచేతనే పెట్టించును. పిమ్మట విండోస్‌లో ప్రతి కంప్యూటరునందును సహజముగ నుండు చిన్న పొరపాట్ల పట్టికను తెఱచి, అవియే వైరసులని చూపి బెదరించును. బాగుచేయుటకు రుసుము, రక్షణకు చందా, తుదకు బ్యాంకు పాస్‌వర్డు అడుగును. లేని రోగమునకు వైద్యము చేసి యింటి తాళపుచెవి పట్టుకొనిపోవు వైద్యుడు వీడు.

ఈ మోసము నేటిది కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లోనే దొంగ హెచ్చరికలు చూపి పనికిమాలిన సాఫ్ట్‌వేరు నమ్మిన ముఠాపై దావా వేసెను. పది లక్షలకు పైబడి ప్రజలు మోసపోయిరని ఆరోపించెను. ఆ వ్యవహారమున 2012లో 16 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా చెల్లింపవలెనని తీర్పు వచ్చెను. అయినను మాకు తలవంపు కలిగించు సంగతి వేఱొకటి. ఈ తరహా మోసపు పిలుపులలో అనేకము మన దేశమునుండియే పోవుచున్నవి. 2023 అక్టోబరులో సి.బి.ఐ. వారు ‘ఆపరేషన్ చక్ర–2’ పేర దేశమందు 76 చోట్ల సోదా చేసిరి. సాంకేతిక సహాయము పేర విదేశీయులను దోచిన కేంద్రములపై మైక్రోసాఫ్టు, అమెజాన్ సంస్థలు చేసిన ఫిర్యాదులు ఆ చర్యకు మూలములలోనివి. 2025లో మన మాదాపూరునందును, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమునందును అమెరికా పౌరులను ఫోనులో వంచించు కేంద్రములు పోలీసులకు చిక్కినవి. దిల్‌సుఖ్‌నగరు వీథులలో అప్పుచేసి కంప్యూటరు చదువు నేర్చు బిడ్డలకు చివరకు దొరకునది ఇట్టి కొలువేయైనచో ఆ చదువెందులకు? నేడు పరదేశపు ముదుసలిని వంచించుట నేర్చిన నోరు రేపు మన యింటికి ఫోను చేయదను హామీ యేది?

ఇక బూచిని వెడలగొట్టు తెఱంగు. ప్రకటనలోని యే మీటను నొక్కరాదు, ఫోను చేయరాదు. ఎస్కేప్ మీటను కొంతసేపు నొక్కి పట్టినచో తెర నిండిన పుట చిన్నదగును. అపుడు బ్రౌజరును మూయవచ్చును. మూతపడనిచో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో బ్రౌజరును ఆపవలెను. అదియు కుదరనిచో కంప్యూటరునే ఆపి మరల పెట్టవలెను. పాత పుటలను తిరిగి తెఱవుమా యని బ్రౌజరు అడిగినచో వలదనవలెను. తెర మూలనుండి హెచ్చరికలు పదేపదే వచ్చుచున్నచో, ఎన్నడో ఒక సైటునకు ‘అలో’ అని మనమే యనుమతి యిచ్చితిమన్నమాట. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్లను తెఱచి, తెలియని సైట్లను తొలగించిన అవి నిలుచును. ఎఱుగని ఎక్స్‌టెన్షన్లను, క్రొత్తగ చేరిన ప్రోగ్రాములను తీసివేసి, విండోస్‌తోనే ఉచితముగ వచ్చు డిఫెండరుతో పూర్తి పరీక్ష చేయింపవలెను. విండోస్ 10కి సాధారణ రక్షణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత కంప్యూటరు గలవారు ఈ విషయము నుపేక్షింపరాదు.

దొంగను ఇదివఱకే లోనికి రానిచ్చినవారు ముందుగ ఇంటర్నెట్టును తెంపవలెను. వాడు పెట్టించిన సాధనమును తొలగించి, వేఱొక కంప్యూటరునుండి పాస్‌వర్డులు మార్చుకొని, బ్యాంకునకు తెలిపి, ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకమునుపే ఫిర్యాదు చేరినచో దానిని నిలుపు అవకాశము హెచ్చు.

వేషము మార్చి కంప్యూటరుద్వారా వంచించువానికి సమాచార సాంకేతిక చట్టము 66–డి విభాగము మూడేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జుల్మానా విధించుచున్నది. కంప్యూటర్లను శుభ్రపఱచు ఉచిత సాధనములిచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును నెలకొల్పినది. చట్టము గలదు, సాధనము గలదు. అవి పల్లెపట్టున తెలుగువాని చెవికి తెలుగులో చేరవలెను. బ్యాంకు శాఖలును, గ్రంథాలయములును, పంచాయతీ కార్యాలయములును ఈ పని చేపట్టవలెనని మేము కోరుచున్నాము.

గృహస్థులకు మా మనవి యొక్కటే. మోసపోయిన పెద్దలను “ఈ మాత్రము తెలియదా” అని గద్దింపకుడు. ఆ మాటకు జంకియే అనేకులు నోరు విప్పరు. ఆ మౌనము దొంగకు రెండవ ఆయుధము. తెర ఎఱ్ఱబాఱిన వెంటనే చేయి తీసివేసి ఇంట నొకరిని పిలుచు ధైర్యము పెద్దలకుండవలెను. విసుగక వచ్చి చూచు ఓపిక పిన్నలకుండవలెను. ఈ రెండును గల యింట ఆ బూచికి చోటుండదు.