ఆ ఓట్లను వృథా అనకండి

సంపాదకులకు,

స్వతంత్ర అభ్యర్థులపై మీరు ప్రచురించిన వ్యాసం చదివి బాధ కలిగింది. 2023లో కొల్లాపూర్ నుంచి శాసనసభకు పోటీచేసిన బర్రెలక్క (కర్నె శిరీష) ప్రచారం ఫోన్లలో పుట్టి ఫోన్లలోనే ముగిసిందని, ఆమెకు పడిన 5,754 ఓట్లు వృథా అయ్యాయని రచయిత తేల్చేశారు. నేను ఒప్పుకోను. స్వతంత్రులకు నిబంధనలే అడ్డు.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. అదైనా దాటవచ్చు. అసలు ఇబ్బంది గుర్తు దగ్గరే. పార్టీల గుర్తులు ఏళ్ల తరబడి గోడల మీద ఉన్నవే. స్వతంత్రులకు గుర్తు ఖరారయ్యేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. ఆ ఎన్నికల్లో ఆ గడువు నవంబర్ 15, ప్రచారానికి తెరపడింది 28 సాయంత్రం. రెండు వారాలైనా లేని ఆ వ్యవధిలో శిరీష తన ఈల గుర్తును ఊరూరా, గడపగడపకూ చేర్చాలి. అదే సమయంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగింది. ఆమె హైకోర్టుకు వెళ్తే, భద్రత కల్పించమని కోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

ఇక డబ్బు. అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. పెద్ద నాయకులు ప్రచారానికి తిరిగే ఖర్చు అభ్యర్థి లెక్కలోకే రాదు. ఇది సమానమైన పోటీ ఎలా అవుతుంది?

డిగ్రీ చదివి ఉద్యోగం రాక గేదెలు కాసిన అమ్మాయి నిరుద్యోగుల గోడును ఎన్నికల్లోకి తెచ్చింది. దానికి పడిన ఓట్లు వృథా కావు. ఇకపై స్వతంత్రుల ఓటమి గురించి రాసినప్పుడు, దయచేసి ఈ నిబంధనల గురించి కూడా రాయండి.

— ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా