తీరిక వేళ: పాత బొమ్మకు కొత్త రంగు

పాత ఆటబొమ్మలను సేకరించేవారు ఏ బొమ్మను చేతికి తీసుకొన్నా రెండు ప్రశ్నలు వేస్తారు. ఇది సంపూర్ణమేనా? ఇది అసలుదేనా? వినడానికి రెండూ ఒకటే అనిపించినా, ఒకటి ఉండి మరొకటి లేని బొమ్మలు ఎన్నో. ఈ మాసం ఆ తేడాను గురించి ముచ్చటించుకొందాము.

1965లో బ్రిటన్‌లో కోర్గీ టాయ్స్ వారు జేమ్స్‌బాండ్ కారును విడుదల చేశారు. బంగారు రంగు ఆస్టన్ మార్టిన్ అది. మీట నొక్కితే పైకప్పు తెరుచుకొని, ఆసనంలోని మనిషి బొమ్మ ఎగిరిపడేది. అలా ఎగిరినది మంచం కిందకో, పెరటిలోకో చేరి మాయమవడం సహజమే కదా! అందుకే పెట్టెలో మరొక మనిషి బొమ్మను, రహస్య సూచనల పత్రంతో పాటు జతచేశారు. ఇవన్నీ ఉంటేనే ఆ కారు సంపూర్ణం. ఇప్పుడు ఆ మనిషికి నకళ్ళు విడిగా దొరుకుతున్నాయి. కొని కూర్చోబెడితే లోటు తీరుతుంది. ఆ భాగం మాత్రం అసలుది కాదు.

సంపూర్ణతకు కాలం కూడా కొలబద్దయే. లివర్‌పూల్‌లోని మెకానో వారు 1934 నుండి డింకీ టాయ్స్ పేరిట బొమ్మ కార్లను అమ్మారు. 1950ల ఆరంభం వరకు ఇవి చాలావరకు అర డజను చొప్పున ఒకే పెట్టెలో దుకాణానికి వచ్చేవి. కొన్న పిల్లవానికి దక్కేది కారు మాత్రమే. కనుక ఆనాటి కారుకు విడి పెట్టె లేకపోవడం లోపం కాదు. తరువాతి కార్లకు అది లోపమే.

అసలుదనాన్ని ఎక్కువగా చెరిపేది కొత్త రంగు. పూర్తిగా రంగు మార్చాలంటే అడుగురేకును పట్టి ఉంచే రివెట్లను తొలచి కారును విప్పాలి. అందుకే అనుభవజ్ఞులు మెరుపును చూసి మురిసిపోక, కారును తిరగవేసి రివెట్లను పరీక్షిస్తారు.

అసలుదంటే విదేశీయమని కాదు. 1960ల చివర డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరగా, అక్కడ నికీ టాయ్స్ పేరిట కార్లు తయారయ్యాయి. అవి నకిలీలు కావు. నికీ కార్లుగా అవి అసలైనవే. వాటి పేరు చెరిపి డింకీ అని అమ్మితేనే మోసం.

మన కర్మాగారాలలో యంత్రానికి ఏ భాగం ఎప్పుడు మార్చినదీ రిజిస్టరులో వ్రాసి ఉంచుతాము. భాగం మార్చడం తప్పు కాదు, మార్చిన సంగతి దాచడం తప్పు. బొమ్మల విషయంలోనూ మా అభిప్రాయం ఇదే. చక్రం ఒకటి లేని అసలు బొమ్మ, లోటు దాచిన నిండు బొమ్మ కంటె మేలైనది.

మీ ఇంటి అటక మీద తాతగారి నాటి కారు ఉంటే, మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. చిరిగినా సరే పెట్టెను పారవేయవద్దు. పిల్లలు ఆడుకొనడానికే అయితే నిశ్చింతగా రంగు వేయించండి. బొమ్మ పుట్టింది ఆటకే గదా! దానిని అమ్మదలచినా, వారసులకు అప్పగించదలచినా, మార్చినదేమిటో చీటీపై వ్రాసి జతచేయండి. కొనేవానికి గాని, మనుమనికి గాని మన మాటపై నమ్మకం నిలిపేది ఆ చీటీయే.