వేలు పోయాకే లెక్క

బరువు ఎత్తేటప్పుడు దెబ్బ తినేది నడుము, దించేటప్పుడు వేళ్లు. తాండూరు, బేతంచర్లలో నాపరాతి పలకలు పేర్చే కార్మికుడికైనా, మానేసర్, ఫరీదాబాద్‌లలోని వాహన విడిభాగాల కర్మాగారాల్లో ప్రెస్ డై మార్చే కార్మికుడికైనా ఇందులో తేడా లేదు. ఇద్దరు మోస్తున్న పలకను ఒకరు క్షణం ముందు వదిలితే, రెండో వ్యక్తి వేళ్లు రాతికీ నేలకూ మధ్య చిక్కుకుంటాయి. దించే చోట ముందే రెండు చెక్క దిమ్మెలు వేసి ఉంటే వేళ్లు తీసుకునేందుకు సందు దొరుకుతుంది. నివారణ చాలావరకు ఇంత చవకైనదే.

అయినా ప్రమాదం జరిగాక వినిపించే తొలి ప్రశ్న, 'గ్లవ్స్ వేసుకున్నాడా?' అన్నదే. తోలు గ్లవ్స్ రేకు అంచు కోతను, రాతి గరుకును ఆపగలవు. రెండు క్వింటాళ్ల డై కింద నలిగే వేలిని అవి కాపాడలేవు. తిరిగే యంత్రం దగ్గరైతే గ్లవ్సే చేతిని లోపలికి లాగే ప్రమాదం ఉంది. ఆ ప్రశ్న బాధ్యతను యాజమాన్యం నుంచి కార్మికుడి మీదకు నెడుతుంది.

చట్టం మాత్రం పోయిన వేలికి కచ్చితమైన విలువ కట్టింది. చట్టంలోని షెడ్యూలు ప్రకారం చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన సామర్థ్యంలో 14 శాతం నష్టం. మధ్య వేలికి 12, ఉంగరపు వేలికి లేదా చిటికెన వేలికి 7, బొటనవేలికి 30 శాతం. ఈఎస్ఐలో శాశ్వత వైకల్య భృతికీ ఇదే తరహా కొలమానం. నెలకు రూ.20,000 జీతం ఉన్న కార్మికుడికి వేతనంలో 90 శాతం ప్రాతిపదికగా లెక్క కడితే, చూపుడు వేలికి వచ్చేది నెలకు సుమారు రూ.2,520. అది కూడా ఈఎస్ఐలో నమోదై ఉంటేనే. ప్రమాదం జరిగాకే చాలామంది చేతికి ఈఎస్ఐ కార్డు వస్తోందని, గాయపడుతున్న వారిలో ఎక్కువమంది వలస కార్మికులేనని 'సేఫ్ ఇన్ ఇండియా' సంస్థ 2019 నుంచి వెలువరిస్తున్న 'క్రష్డ్' నివేదికలు చెబుతున్నాయి.

వేలు పోకముందు సంగతి మీద చట్టానికి ఇంత శ్రద్ధ లేదు. గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా మోయించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ నిర్దేశించి, పరిమితులను రాష్ట్రాలకు విడిచిపెట్టింది. ఒక మనిషి మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. నాటి 127వ ఒడంబడికను భారత్ ఆమోదించింది. 50 కిలోల సిమెంటు బస్తా ఆ పరిమితికి లోబడే ఉంటుంది, నిజమే. కానీ వేళ్ల విషయంలో ప్రశ్న కిలోలది మాత్రమే కాదు. పట్టుకునే చోటు ఎక్కడ, దించే చోటు ఎలా ఉంది, మాట ఇచ్చి దించమనేది ఎవరు అన్నవి కూడా.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. భద్రతా వివరాలను ఎక్కువగా కేంద్రం ప్రకటించే ప్రమాణాలకు వదిలిపెట్టింది. విద్యుత్తుతో నడిచే యూనిట్ 'ఫ్యాక్టరీ' కావాలంటే పూర్వం 10 మంది కార్మికులు చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. 10 మంది ఉన్న సంస్థలకూ కోడ్ వర్తిస్తుంది గానీ, ఫ్యాక్టరీలకే పరిమితమైన నిబంధనలు చిన్న ప్రెస్ షాపులను, పాలిషింగ్ యూనిట్లను తాకవు.

48 గంటలపాటు పని చేయలేని స్థితి ఏర్పడితేనే గాయాన్ని అధికారులకు తెలియజేయాలన్న నియమం మాత్రం యథాతథంగా కొనసాగుతోంది. నలిగిన వేలికి కట్టు కట్టి, మర్నాడు ఒంటి చేత్తో ఊడ్చే పని అప్పగిస్తే ఆ ప్రమాదం ఏ లెక్కలోకీ రాదు. రాబోయే ప్రమాణాలను రూపొందించే వారి ముందుకు చేరేది ఈ లెక్కే.