అడిగితే కదా తెలిసేది!

తెలంగాణలో కవులే లేరని ఒకప్పుడు ఎవరో రాసేశారు. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు స్వయంగా కవి. ఆయనకి కోపం రాదూ మరి? వచ్చింది. కానీ వాదనతో సరిపెట్టలేదు. పద్యాలు పంపమని పత్రికలోనే అడిగారు. 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులో స్త్రీలూ ఉన్నారు!

'ఆడవాళ్లేం రాస్తారులే' అన్న మాట మనమూ వింటూనే ఉన్నాం. రాయక కాదండీ, అడిగేవాళ్లు లేక! పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఎన్ని కథలు, ఎన్ని పాటలు చిత్తుకాగితాలవాడికి పోయాయో! సంపాదకులు అడగాలి, నిజమే. ముందు ఇంట్లో మనం అడుగుదాం. అమ్మనీ, అత్తగారినీ 'ఏమైనా రాసి దాచుకున్నారా?' అని ఈ ఆదివారమే అడిగి చూడండి.