కూర్చుని తింటే కండలూ కరుగుతాయి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నది మన సామెత. ఆస్తిపాస్తుల గూర్చి పుట్టిన మాట అది. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, అక్షరాలతో ఆడుకొనే అలవాటు నాకింకా పోలేదు. ఆ "కొండ"లోని ఒత్వాన్ని తీసివేసి "కండలైనా కరుగుతాయి" అని చదువుకొంటే, వయసు మళ్ళినవారి దేహాన్ని గూర్చి నేటి వైద్యశాస్త్రం చెబుతున్న మాట అచ్చంగా అదే.

నా వాదమేమిటో ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు చేసే మర్యాదలో రెండు భాగాలున్నాయి. ఒకటి, బాగా తినమనడం. రెండు, కదలకుండా కూర్చోమనడం. మొదటిది అరకొరగా జరుగుతోంది. రెండవది మాత్రం నూటికి నూరుపాళ్ళూ జరుగుతోంది. ఆ రెండవదాన్ని మర్యాద అని పిలవడం మనం మానుకోవాలి.

కండరమంటే సన్నని పోగుల కట్ట. ఆ పోగుల్లో స్థూలంగా రెండు తెగలు. నిదానంగా పనిచేస్తూ త్వరగా అలసిపోనివి కొన్ని. చటుక్కున బలం చూపి వెంటనే అలసిపోయేవి కొన్ని. నిలబడడానికి, మెల్లగా నడవడానికి మొదటివి చాలు. కుర్చీలోంచి లేవాలన్నా, మెట్టెక్కాలన్నా, కాలు జారినప్పుడు తమాయించుకోవాలన్నా రెండవవి కావాలి. వయసుతో ఎక్కువగా సన్నబడేవి ఈ రెండవ తెగవే. అంతే కాదు, వెన్నుపాములో ఉండి ఈ పోగులను కదిలించే నాడీకణాలు కూడా కొన్ని రాలిపోతాయి. అలా దిక్కులేనివైన పోగులలో కొన్నింటిని పొరుగు నాడి చేరదీస్తుంది, మిగిలినవి నశిస్తాయి. అందుకే కండ పరిమాణం కంటె బలం మరింత వేగంగా తగ్గిపోతుంది. ఈ క్షీణతకు ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1989లో "సార్కోపీనియా" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. మనం "కండలేమి" అనుకోవచ్చు. మిత్రులెవరైనా ఇంతకంటె మంచి మాట సూచిస్తే సంతోషిస్తాను.

మాటల ప్రస్తావన వచ్చింది కనుక మరొకటి. ప్రోటీన్లను మన పాఠ్యపుస్తకాలు "మాంసకృత్తులు" అన్నాయి. మాంసాన్ని చేసేవి అని అర్థం. చక్కని మాటే గాని, వ్యాకరణం ప్రకారం చూస్తే ఒక చిక్కుంది. మాంసకృత్తు ఇక్కడ కర్త కాదు, సామగ్రి మాత్రమే. ఇటుకలు తెచ్చి వీథిలో కుప్ప పోసినంత మాత్రాన గోడ లేవదు, మేస్త్రీ రావాలి. కండ విషయంలో ఆ మేస్త్రీ శ్రమ. బరువు మోసినప్పుడు, మెట్లెక్కినప్పుడు కండరంపై పడే ఒత్తిడే "ఇక్కడ కట్టు" అని శరీరానికి అందే ఆజ్ఞ. అప్పుడు తిన్నది అక్కడికి చేరుతుంది. పోగు దెబ్బతింటే బాగుచేయడానికి దాని అంచునే కొన్ని చిన్న కణాలు నక్కి ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో వాటిని గుర్తించి ఉపగ్రహకణాలన్నాడు. వృద్ధాప్యంలో అవి తగ్గుతాయి గాని, పూర్తిగా పోవు. ఆశకు ఆధారం అక్కడే ఉంది.

1910లో రాసిన "దేశభక్తి" గేయంలో గురజాడ తిండికీ కండకూ ముడివేశాడు. ఆకలితో మాడుతున్న జాతికి ఆనాడు చెప్పవలసిన మాట అది. ఇప్పటికీ మా మాదన్నపేట కూరగాయల మండీలో తెల్లవారకముందే గంపలెత్తుతూ, మధ్యాహ్నానికి అన్నం, పచ్చడితో సరిపెట్టుకొనే ముసలివాళ్ళున్నారు. వాళ్ళకు శ్రమ ఉంది, తిండి చాలదు. వాళ్ళ విషయంలో గురజాడ మాటకు తిరుగులేదు. కాని పింఛను తీసుకొంటూ, దిండుకు చేరగిలబడి, వేళకు పళ్ళెం అందుకొనే నాబోటివాళ్ళ సంగతి వేరు. మాకు తిండికీ కండకూ నడుమ ఒక మెట్టు తెగిపోయింది.

ఇది నా ఊహ కాదు. 1990లో బోస్టన్ నగరపు వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు 86 నుండి 96 ఏళ్ళ మధ్యవారు పదిమందిని ఎంచుకొని, కాళ్ళతో బరువులెత్తించారు. ఎనిమిది వారాలు పూర్తిచేసిన తొమ్మిదిమందిలో తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళవారి మాట ఇది! 1994లో అదే బృందం నూరుగురు వృద్ధులను నాలుగు జట్లుగా విడదీసి చూసింది. కొందరికి వ్యాయామం, కొందరికి పోషకపానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. వ్యాయామం చేసినవారి బలం పెరిగింది. వ్యాయామం లేకుండా కేవలం పోషకపానీయం తాగినవారికి దౌర్బల్యం తగ్గలేదు. దీనికి తిరగేసిన రుజువు 2007లో వెలువడింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను సరిపడా తిండి పెడుతూనే పదిరోజులు మంచంపై ఉంచితే, కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. పదే రోజులు!

మరి మన పెద్దలేమన్నారని అడుగుతారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యను చెబుతూ వ్యాయామాన్ని మెచ్చుకొన్నాడు. సగం శక్తి మేరకే చేయమన్నాడు. నిజం దాచకూడదు కనుక చెబుతున్నాను: వ్యాయామం విడిచిపెట్టవలసినవారి జాబితాలో బాలురతో పాటు వృద్ధులనూ చేర్చాడు. కొందరు మిత్రులు దీన్ని పట్టుకొని "చూశారా!" అంటారు. అయితే ఆ కాలపు జీవితాన్ని గూడ తలచుకోవాలి. నీళ్ళు తోడడం, వడ్లు దంచడం, తిరగలి విసరడం, ఊరికీ ఊరికీ నడవడం నిత్యకృత్యాలు. ఆపై చేసే కసరత్తే వ్యాయామం. ముసలివాడు దాన్ని మానినా పని మానడు. ఈనాడు పని ముందే పోయింది; వ్యాయామం కూడా వద్దంటే మిగిలేది కుర్చీ ఒక్కటే. వాగ్భటునిపై గౌరవం ఉన్నవాళ్ళు ఆ శ్లోకాన్ని కుర్చీకి సమర్థనగా వాడకూడదని నా మనవి.

ఇంకొక పొరపాటు మన ఊహలోనే ఉంది. కండ అనగానే వీరఘట్టంలో పుట్టి దేశమంతా కీర్తి గడించిన కోడి రామ్మూర్తినాయుడో, 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరో గుర్తుకువస్తారు. మా పాతబస్తీలోనైతే తాలింఖానాల పహిల్వాన్లు. దండాలు, బైఠకులు తీసి, బాదంపాలు తాగి పెంచుకొన్న దేహాలు. దానితో కండ అన్నది కుర్రవాళ్ళ సొత్తు, ప్రదర్శనకు పెట్టే వస్తువు అనుకొంటాము. పహిల్వాన్ కసరత్తు మానేస్తే కండ కొవ్వుగా మారిపోతుందని మా పేటలో ఒక నమ్మకం. ఒకటి మరొకటిగా మారదు. శ్రమ ఆగగానే కండ తరుగుతుంది. పాత అలవాటు ప్రకారం తిన్నది వేరుగా కొవ్వై పేరుకొంటుంది. అదే మనకూ జరుగుతున్నది. పైగా, ఇన్సులిన్ పిలుపునందుకొని రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకొనే పెద్ద గాదె కండరమే. మధుమేహం ఇంటింటా ఉన్న ఈ ఊళ్ళో ఆ గాదెను చిన్నది చేసుకోవడం ఎంతటి తెలివితక్కువ!

మా అక్కయ్యకు డెబ్బై రెండేళ్ళు. నిరుడు జ్వరంతో మూడు వారాలు మంచమెక్కింది. పాలు, పండ్లరసాలు, గంజి, దేనికీ లోటు రానీయలేదు పిల్లలు. జ్వరం తగ్గింది గాని, పీటమీంచి లేవలేకపోయింది. "ఇంక నా పని అయిపోయిందిరా తమ్ముడూ" అంది. వ్యాయామ చికిత్స నేర్చిన ఒక అమ్మాయి వారానికి మూడుసార్లు వచ్చి చేయించినదల్లా ఇదే: ఎత్తైన కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, తరువాత తక్కువ ఎత్తు కుర్చీ, తరువాత మెట్లు. తొలి వారాల్లోనే కొంత బలం వచ్చింది. అప్పటికి కండ పెరగదట. నిద్రపోయిన నాడులు పోగులను పిలవడం మళ్ళీ నేర్చుకొంటాయట. మూడు నెలలకు అక్కయ్య డాబా ఎక్కి వడియాలు పెట్టింది. మందుసీసా చేయలేని పని ఒక కుర్చీ చేసింది.

ఇక తిండి సంగతి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో దేహబరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. వృద్ధుల కండ అదే తిండికి యువకుల కండంతగా స్పందించదు కనుక, ఒకటి నుండి 1.2 గ్రాముల దాకా ఉండడం మేలని పలువురు నిపుణులంటారు. (మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగాలి.) నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. చారన్నం, మజ్జిగన్నంతో ఈ లెక్క తేలదు. పప్పు గట్టిగా ఉండాలి. అలాగని డబ్బాల్లోని పొడుల వెంట పడనక్కరలేదు. అదే సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో వాటిని వద్దనే చెప్పింది.

మా అల్లుడు మంచివాడు. "మామయ్యగారూ, సంచీ మీరెందుకు మోయడం? ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తాయి కదండీ" అంటాడు. ప్రేమతోనే అంటాడు. నేనూ ప్రేమతోనే ఆ సంచీ ఇవ్వను. నాలుగు కిలోల వంకాయలు, బీరకాయలు నా కుడిచేతిలో కొంతదూరం, ఎడమచేతిలో కొంతదూరం. మండీ నుండి ఇల్లు చేరేలోగా నాకు దక్కవలసిన కూలి దక్కుతుంది. పొరుగున నా ఈడు పెద్దాయన ఒకాయన ఉన్నారు. రోజుకు ఐదుసార్లు నమాజులో నేలమీదికి వంగి, ఆసరా లేకుండా లేస్తారు. ఆ లేవడం చూసినప్పుడల్లా నేలపై కూర్చొని భోంచేసే మన అలవాటు ఎందుకు వదులుకొన్నామా అనిపిస్తుంది.

మిత్రులారా, ఈ టపా చదవడం ముగించాక మీ ఇంట్లో పెద్దవాళ్ళను గోడవారన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీపై కట్టుకొని ఐదుమార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడండి. ఆసియా నిపుణుల బృందం 2019లో నిర్ణయించిన ప్రకారం అందుకు 12 సెకన్లు గాని అంతకంటె ఎక్కువ గాని పడితే జాగ్రత్తపడవలసిందే. పడితే దిగులుపడకండి, పట్టించుకోండి. రేపటి నుండి గ్లాసు నీళ్ళు వాళ్ళ చేతికందించకండి. వాళ్ళనే లేచి తెచ్చుకోనివ్వండి. వీలైతే మీకూ ఒకటి తెమ్మని అడగండి.