థ్రిల్లర్లు వద్దనే ముందు ఒక మూడు నిమిషాలు



ఉగాది షార్ట్ ఫిల్మ్ పోటీ నిబంధనల మీద గ్రూపులో వారం రోజులుగా నడుస్తున్న చర్చ చదువుతున్నాను. "ఈసారి హత్యలు, థ్రిల్లర్లు వద్దు, మన భాష, మన సంస్కృతి మీద తీసినవే తీసుకుందాం" అన్నది ప్రతిపాదన. పెద్దల విసుగు నాకు అర్థమవుతుంది. పోయినేడు వచ్చినవాటిలో చాలావరకు ఒకటే సరుకు. ముసుగు మనిషి, వంటింటి కత్తి, గుయ్యిమనే మ్యూజిక్, చివర్లో "అదంతా కల". అయినా ఆ నిబంధన పెట్టకూడదనే నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒక స్టూడెంట్ ఫిల్మ్ గురించి కాస్త వివరంగా మాట్లాడాలి.

క్రిస్టఫర్ నోలన్ పేరు మన పిల్లలకి కంఠతా. ఆయన లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చదివింది సినిమా కాదు, ఇంగ్లీషు సాహిత్యం. సినిమా పని నేర్చుకున్నది అక్కడి విద్యార్థుల ఫిల్మ్ సొసైటీ కెమెరాలతో. ఆ తొలి రోజుల ప్రయత్నాల్లో ఒకటి 1997 నాటి 'డూడుల్‌బగ్'. 16 ఎంఎం, నలుపు తెలుపు, మూడు నిమిషాలు. ఒకే గది, ఒకే నటుడు, జెరెమీ థియోబాల్డ్. కథ మొత్తం చెప్పేస్తున్నాను. చూడనివాళ్లు ముందు చూసి రండి, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

చిందరవందరగా ఉన్న గదిలో ఒక మనిషి చేతిలో బూటు పట్టుకుని ఏదో పురుగుని తరుముతుంటాడు. గడియారం టిక్కుటిక్కుమంటుంటుంది. ఫోన్ మోగితే తీసి నీళ్లలో పడేస్తాడు. చివరికి పురుగు చిక్కుతుంది. చూస్తే అది పురుగు కాదు, వేలెడంత ఉన్న తనే! పైగా ఆ చిన్నవాడు ఇప్పుడు చేసిన పనే ఈ పెద్దవాడు మరుక్షణం చేస్తుంటాడు. అయినా బూటుతో ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ వెంటనే వెనక కొండంత మొహం, అదీ అతనిదే. ఇంకా పెద్ద బూటు ఇతని మీద పడుతుంది. అంతే సినిమా.

మూసిన గది, గడియారం, ఫోన్, తరమడం, ఆయుధం, ఆఖరి ట్విస్ట్. థ్రిల్లర్ దుకాణంలో దొరికే సామానంతా ఇందులో ఉంది. మన పిల్లలు వాడేదీ అదే. తేడా వాడకంలో ఉంది. మామూలు థ్రిల్లర్‌లో ట్విస్ట్ పని ఏమిటి? "ఎవరు" అన్న ప్రశ్నకి జవాబు చెప్పి మనల్ని ఇంటికి పంపడం. ఆలస్యంగానైనా పోలీసు జీపు వస్తుంది, మన గుండె కుదుటపడుతుంది. ఇక్కడ "ఎవరు" అన్నది తేలాక కూడా దెబ్బ ఆగదు. ఎదురుగా ఉన్నది తన మొహమే అని చూసి కూడా కొడతాడు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడ, ఆఖరి పెద్ద బూటు దగ్గర కాదు.

ఇంకొకటి. థ్రిల్లర్ మనల్ని ఎవరో ఒకరి పక్కన కూర్చోబెడుతుంది. ఇందులో మొదటినుంచీ మనం తరిమేవాడి పక్కనే కూర్చున్నాం. పురుగే కదా, చస్తే ఏం పోయింది అనుకుంటూ. ఆ కుర్చీలోంచి లేచే వ్యవధి కూడా మనకి ఇవ్వడు.

ఇది లోపంలేని సినిమా అని నేననను. మ్యూజిక్ మోతాదు మించింది. రెండోసారి చూస్తే గమ్మత్తు గమ్మత్తుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మనిషికి పేరు లేదు, పని లేదు, బతుకు లేదు. మరుసటి ఏడాది అదే నటుడితో వచ్చిన 'ఫాలోయింగ్'లో నోలన్ ఆ కొరత తీర్చారు. అందరికీ ఉద్యోగాలుండటంతో దాన్ని శనివారాలు చూసుకుని ఏడాదిపాటు తీశారు. టైమ్ లేదనే మన కుర్రాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

మద్రాసులో ఉంటూ ఇదేదో లండన్ వింత అనుకోనక్కర్లేదు. 1954లోనే ఏవీఎం వారు, ఎస్. బాలచందర్ దర్శకత్వంలో, ఒక్క పాట కూడా లేకుండా 'అంద నాళ్' తీశారు. శివాజీ గణేశన్ మొదట్లోనే చనిపోతారు. చంపిందెవరు అని మొదలైన కథ, చచ్చినవాడు ఎలాంటివాడు అన్న ప్రశ్న దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు మన పోటీ. పోయినేడు ఒక ఇంజనీరింగ్ అమ్మాయి తీసిన ఆరు నిమిషాల సినిమా గుర్తుందా? ఫ్లాట్‌లో ఒంటరిగా ఉన్న పిల్ల, తలుపు కొట్టిన చప్పుడు. తలుపుకున్న అద్దంలోంచి ఒక ముసలావిడ చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆవిడ నెల్లూరు యాసలో గబగబా ఏదో అంటుంది. అరవం కలిసిన ఇంటి తెలుగు తప్ప ఎరగని ఆ పిల్లకి ఒక్క ముక్కా అందదు. భయపడి లైట్లు ఆర్పేస్తుంది. వచ్చిందెవరో చివరిదాకా చూపించలేదు. "హంతకుడెవరో తేలలేదు" అని న్యాయనిర్ణేతలు దాన్ని పక్కన పెట్టారు. హంతకుడు ఉంటేగా తేలడానికి! మన పిల్ల మన భాష విని తలుపు గడియ పెట్టుకుంది. ఇంతకంటే మన సంఘం గురించిన సినిమా ఇంకేం కావాలండీ? కొత్త నిబంధన వస్తే మొదట తోసేసేది దీన్నే, థ్రిల్లర్ అన్న ఒక్క కారణంతో.

కాబట్టి నిషేధం బదులు రెండు పనులు చేద్దాం. వేరే సినిమాల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎత్తి పెట్టడం మానిపిద్దాం, ఆ చప్పుడు పోతే సగం కత్తులు వాటంతటవే ఒరలోకి పోతాయి. న్యాయనిర్ణేతల్లో ఒకరైనా ముప్పై దాటనివాళ్లు ఉండేలా చూద్దాం. పారితోషికం, టైమ్ లిమిట్ సంగతులు కమిటీ ఇష్టం.

ఆదివారం మీటింగులో ప్రతిపాదన ఓటుకి పెడితే నా చెయ్యి "వద్దు" వైపు లేస్తుంది. ప్రొజెక్టర్ నేను తెస్తాను. పావుగంట ముందు వస్తే 'డూడుల్‌బగ్', ఆ అమ్మాయి సినిమా రెండూ చూసి కూర్చుందాం. తన సినిమా వెయ్యడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. తను కూడా వస్తానంది, వాళ్ల అమ్మమ్మని తీసుకుని.